చలిదేశం విత్తనాలు

రష్యా ఆవిడ ఆ విత్తనాలు నా చేతిలో పెట్టింది శ్రావణమాసంలో, సన్నటి జల్లు పడుతుంటే, వాళ్ళ కోలనీ గేటు దగ్గర. ఎనభై మూడో సంవత్సరం. ఉక్కు ఫ్యాక్టరీ ఇంకా కడుతున్నారు. ఆ పని చూడడానికి రష్యా నుంచి ఇంజినీర్లు పెళ్ళాంబిడ్డలతో సహా దిగారు. వాళ్ళకో కోలనీ, ఆ కోలనీకి తోటలు, ఆ తోటలకి మాలీలు. ఆ మాలీల్లో మా ఆయన ఒకడు. నేను గేటు బయట బుట్ట పెట్టుకుని పూలమ్మేదాన్ని. కనకాంబరాలు, మల్లెలు, చామంతులు, ఏ కాలానికి ఆ పువ్వు.

రష్యావాళ్ళు పూలు తల్లో పెట్టుకోరు కదా, వాళ్ళకేం అమ్ముతావని తోటివాళ్ళు నవ్వేవారు. ఈవిడ మాత్రం రోజూ వచ్చి ఒక మూర కొనేది. తల్లోకి కాదు, గాజుగ్లాసులో నీళ్ళు పోసి అందులో దండని చుట్టచుట్టి బల్ల మీద పెట్టుకునేది. పేరు గలీనా. భారీ మనిషి. మన ఎండకి ఆవిడ ముక్కు ఎప్పుడూ కందిపోయే ఉండేది. వరహాలమ్మ అనే నా పేరు ఆవిడ నోట్లో పట్టలేదు. రెండుసార్లు తంటాలు పడి, చివరికి "వార్యా" అంది. వాళ్ళ ఊళ్ళో ఆ పేరుందట. మా నాన్న నన్ను వరా అనేవాడు, అందుకని అది నాకు కొత్తగా తోచలేదు, పలికాను.

ఆవిడకి వచ్చిన తెలుగు గుప్పెడు మాటలు. పువ్వు, నీళ్ళు, బాగుంది, వద్దు, రేపు. ఆ గుప్పెడుతోనే మేం కాన్పుల సంగతులు కూడా చెప్పుకున్నామంటే మీరు నమ్మరు. చేతులున్నాయి, మొహాలున్నాయి, ఇంకేం కావాలి.

ఆ రోజు కాగితం పొట్లం ఒకటి ఇచ్చి గుండె మీద చెయ్యి వేసుకుంది. వాళ్ళమ్మ పంపిందని అర్థమైంది. "ఆస్త్రా" అంది. పొట్లం విప్పితే పాతబడ్డ జీలకర్రలా సన్నగింజలు. వేళ్ళన్నీ కూడదీసి ఒక్కసారి విప్పి చూపించింది, రేకుల మీద రేకులు. మన చామంతికి దొరసాని చెల్లెలన్నమాట అనుకున్నాను. ఎప్పుడు వెయ్యాలని నేను వేలు మట్టిలో గుచ్చినట్టు చేసి అడిగాను. ఆవిడ చేతులు కట్టుకుని వణికింది. పళ్ళు టకటకలాడించింది. పైనుంచి ఏదో రాలుతున్నట్టు వేళ్ళాడించింది. మంచు. ఆ తర్వాత ఒక పెట్టెని కిటికీలో పెట్టినట్టు పెట్టి, దాని పక్కన అరచేతులు చాపి, ఆ చేతులు బుగ్గలకి ఆనించుకుంది. ఆ ఆఖరి ముక్క నాకు బోధపడలేదు. ఇంతలో జల్లు పెద్దదై ఆవిడ ఇంటికి పరిగెత్తింది. నా దగ్గర మిగిలింది ఆ వణుకు ఒక్కటే. చలి ఉండగా వేసేవి కాబోలనుకున్నాను.

ఆ పొట్లాన్ని నేను అంత భద్రంగా రవికెలో దోపుకోవడానికి ఇంకో కారణం ఉంది. ఆ ముందు వారమే భీమశంకరరావుగారు మాలీల పెళ్ళాలందర్నీ గేటు దగ్గరికి పిలిచి ఒక మాట చెప్పాడు. ఆయన తోటలకి సూపర్వైజరు. గోదావరి జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చిన మనిషి, మాట చివర "ఆయ్" అనకుండా ఉండలేడు.

"జనవరి ఆఖర్లో మన కోలనీలో పూలపోటీ పెడుతున్నారమ్మా. మీరైనా, మీ ఇంటి ఆడవాళ్ళెవరైనా, ఇళ్ళ దగ్గర నారు పోసుకుని కుండీలు తీసుకురండి. ఆ రోజుకి ఎవరి కుండీలు బాగా పూత మీద ఉంటాయో ఆవిణ్ణి నర్సరీ షెడ్డులోకి తీసుకుంటారు. ఒక్కళ్ళనేనండి. పర్మినెంటు, ఆయ్."

వెనకనుంచి ఎవరో, "పూత లేకపోతే పిందైనా పరవాలేదా బాబూ" అన్నారు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నేను అప్పటికే ఆ షెడ్డులో ఉన్నాను.

మాది సబ్బవరం పక్క పల్లె. మా నాన్న బంతిమళ్ళు, చామంతిమళ్ళు వేసేవాడు. నాకు నడక, కలుపు తీయడం ఒకేసారి వచ్చాయని మా అమ్మ అనేది. పెళ్ళయి గాజువాక వచ్చాక నాకు మట్టి లేకుండా పోయింది. అద్దెగది, దాని ముందు సిమెంటు గచ్చు. డబ్బాల్లో, పగిలిన బకెట్లో నాలుగు మొక్కలు. మిగతాదంతా ఎవరో పెంచిన పువ్వుని ఎవరికో అమ్మడమే. బస్సెక్కి మార్కెట్టుకి వెళ్ళడం, బుట్ట నెత్తిన పెట్టుకుని గేటుకి రావడం. నర్సరీ షెడ్డు గేటు సందులోంచి కనిపించేది. తాటాకు పందిరి, కింద ఎర్రమట్టి కుప్ప, ఇసక కుప్ప, గత్తం కుప్ప, మూలన కొళాయి. ఆ మాగిన పేడ ఎరువు వాసన వాన పడ్డప్పుడు గేటు దాకా వచ్చేది. జీతం మాట దేవుడెరుగు, ఆ మూడు కుప్పల మధ్య కూర్చోవడానికి నేను ఏమైనా చేసేదాన్ని.

మా అత్తవారింట ఒక ఆచారం. ఇంటికి ఏ కొత్త విత్తనం వచ్చినా ముందు ఆడపడుచు ఒళ్ళో పొయ్యాలి. ఆవిడ చేత్తో ఒకసారి కలిపి, తన వాటా చిటికెడు తీసుకుని, మిగిలింది కోడలి కొంగులో పోస్తుంది. అలా చేస్తే గింజ వృథా పోదని. మా అత్త వరివిత్తనానికి చేసేది. నేను సొరగింజలకి, బీరగింజలకి కూడా మానలేదు. అందుకని ఆ పొట్లం పట్టుకుని మల్కాపురం వెళ్ళాను, చిట్టమ్మ దగ్గరికి.

చిట్టమ్మ మా ఆయన చెల్లెలు, ఒక్కగానొక్క ఆడపడుచు. దాని మొగుడు బోటు మీద వేటకి వెళ్ళి, కాకినాడలో ఇంకొకామెతో కాపురం పెట్టి, తిరిగి రాలేదు. ఇది ఫిషింగ్ హార్బర్లో వలలు బాగుచేసుకుని బతికేది. నైలాను దారం కోసి కోసి వేళ్ళు ఎప్పుడూ చీరుకుపోయి ఉండేవి. మా ఇంట్లో ఏ కూర వండినా గిన్నెతో దానికి వెళ్ళేది. నేనే పంపేదాన్ని, ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఇయ్యేటి వొదినా, జీలకర్రా?" అంది పొట్లం చూసి.

"కాదే, రష్యా పువ్వులు. ఒడి పట్టు."

"రస్యా పువ్వులక్కూడా నా సెయ్యే కావాలేటి? నా సేతివాసి సూసేవు గదా. కట్టుకున్నోడే నిలవలేదు."

"మొగుడు మొక్కేటే, పాతుకోడానికి? పట్టొడి."

పడీపడీ నవ్వింది. నవ్వుతూనే గింజలు కలిపింది. చిటికెడు తీసి చీరచెంగున ముడేసుకుంది.

"ఏత్తావా మరి?" అన్నాను.

"నాకెక్కడ తీరతాదొదినా. ఆచారం గదాని తీసుకున్నాను."

నర్సరీ పని గురించి దానికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఈ పువ్వు ఇక్కడెవరూ చూసి ఉండరని, దీంతోనే పోటీకి వెళ్తానని, పని వస్తే మా గచ్చు మీది డబ్బాలన్నీ దానికే ఇచ్చేస్తానని. అది మోకాళ్ళ మీద గడ్డం ఆనించి విన్నది. "నీకే వత్తాది లే వొదినా. నీకు గాక ఎవరికొత్తాది" అంది.

ఇక ఎప్పుడు వెయ్యాలన్నది మిగిలింది. మన చామంతి అయితే నాకెవరూ చెప్పక్కర్లేదు. ఇది ఊరు కాని ఊరి గింజ. మా ఆయన విత్తనాల మనిషి కాదు. పొదలు కత్తిరించడం, పచ్చిక కోయడం ఆయన పని. కానీ భీమశంకరరావుగారు చలిదేశాల పూలు కూడా పెంచిన మనిషని అందరూ అనేవారు, ఆయన్ని కనుక్కుని రమ్మన్నాను.

మర్నాడు సాయంత్రం మా ఆయన గుమ్మంలో కూర్చుని పొదల కత్తెరకి సాన పడుతున్నాడు.

"అడిగేవా మావా?"

"అడిగేను. కార్తీక పున్నం ఎల్లాలంట."

"అంతాలిస్సమా? బంతీ సామంతీ దసరాకే ఏసేత్తాం గదా."

"నీ సామంతి సబ్బవరం ఆడగుంట. ఇది సలిదేశం దొరసాని. సలి బాగా తగిల్తేగానీ కన్నిప్పదంట. ముందేత్తే కుళ్ళిపోద్దంట." కత్తెర మొన బొటనవేలితో చూసుకుంటూ అన్నాడు. "ఆయనకన్నా నీకెక్కువ తెలుసేటి?"

నాకు ఆ వణుకు గుర్తొచ్చింది. సరిపోయింది కదా అనుకున్నాను.

ఎందుకు నమ్మావని మా పెద్దమనవరాలు అడుగుతుంది. ఎందుకు నమ్మనే? ఆయన అబద్ధాలు ఆడడని కాదు. కల్లు తాగొచ్చి మజ్జిగ తాగానన్న రోజులున్నాయి. కానీ అవి వేరు. మా పల్లెలో గట్టు తగాదాలతో మాటలు పోయిన అన్నదమ్ములుండేవారు. వాళ్ళలో ఒకడు విత్తడానికి వేళ అయిందని గుర్తిస్తే గట్టు మీద నిలబడి, అవతలివాడి వంక చూడకుండా, గాలికి చెప్పినట్టు, "ఇంక సల్లొచ్చు" అని కేకేసేవాడు. పగవాడైనా సరే, విత్తే వేళ దాచరు. దాచితే తన నేల కూడా పండదని మా వాళ్ళ నమ్మకం. మొగుడు పెళ్ళానికి విత్తే వేళ తప్పు చెప్పడమనేది ఒకటుంటుందని నాకెలా తడుతుంది.

దసరా వచ్చింది. ఆకాశం కడిగినట్టయింది, ఎండ మెత్తబడింది, నేల లోపల ఇంకా వెచ్చగా ఉంది. నా చేతులు దురద పెట్టాయి. మట్టి జల్లించి, గత్తం కలిపి, పాత చెక్కపెట్టె నింపి సిద్ధంగా పెట్టుకున్నాను. పండగ పూట ఆయన పొద్దున్నే స్నానం చేసి, పని ఉందని వెళ్ళి, చీకటి పడే వేళకి వచ్చాడు. గోళ్ళలో మట్టి. పండగనాడు కూడా తోటపనేమిటని జాలిపడ్డాను. నీళ్ళు కాచి పెట్టాను కూడా. దీపావళి వెళ్ళింది. నాగులచవితికి పుట్టలో పాలు పోసి వస్తూ కూడా ఆ పెట్టె వంక చూసుకున్నాను. ఇంకెంత, పున్నమి వస్తోంది అనుకున్నాను.

కార్తీక సోమవారం ఒకటి. గలీనా గేటు దగ్గరికి వచ్చి, బొటనవేలు చూపుడువేలు మధ్య ఇంత సందు పెట్టి, "పువ్వు?" అంది. ఇంతింత మొలిచాయా అని. నేను లేదన్నట్టు తల ఊపి, మట్టిలో వేలు గుచ్చి, "రేపు, రేపు" అన్నాను.

ఆవిడ మొహం మారిపోయింది. "వద్దు రేపు. వార్యా, వద్దు రేపు."

నా బుట్ట అక్కడే కాపలావాడికి అప్పగించి, చెయ్యి పట్టుకుని నన్ను వాళ్ళ క్వార్టరు వంటింట్లోకి లాక్కెళ్ళింది. దూదిపొట్లం విప్పి కిటికీ అవతల గట్టు మీద పరిచింది. అది మంచు. కిటికీ ఇవతల ఒక బిస్కట్ల డబ్బా పెట్టింది. అది విత్తనాల పెట్టె. స్టవ్వు వెలిగించి, నా చేతులు దాని మీద పట్టించి, ఆ వెచ్చటి చేతులు తీసుకెళ్ళి డబ్బా చుట్టూ ఆనించింది. అప్పుడు అర్థమైంది నాకు. వాళ్ళ దేశంలో బయట మంచు పడుతుంటే, ఈ గింజల్ని ఇంట్లో పెట్టుకుని, పొయ్యి పక్కన వెచ్చగా మొలిపిస్తారు. మంచు కరిగాకే బయట నాటుతారు. చలిదేశం గింజ అయినా కన్ను తెరవడానికి దానికి కావలసింది వెచ్చదనమే, గుడ్డుకి కోడిపెట్ట కావలసినట్టు. చలి కావలసింది తర్వాత, పువ్వుకి. వాళ్ళ ఎండాకాలం ఎంత చల్లగా ఉంటుందో మన పుష్యమాసం అంత చల్లగా ఉంటుంది. అంటే మనకి దసరా ఎండే ఆ పొయ్యి. దసరాకి వేస్తే పుష్యమాసంలో పూస్తాయి. నా చామంతి లెక్కే దీని లెక్కా.

నాకు కోపం రాలేదు. భీమశంకరరావుగారికి తెలియక చెప్పాడో, మా ఆయనకి సరిగా వినిపించలేదో అనుకున్నాను. పాపం ఈయనకి విత్తనాల సంగతేం తెలుసు అనుకున్నాను. పున్నమిదాకా ఆగకుండా ఆ సాయంత్రమే వేసెయ్యాలి. ముందు మాత్రం మల్కాపురం వెళ్ళి చిట్టమ్మకి చెప్పాలనిపించింది, నీ చిటికెడు ఇంకా చెంగునే ఉంటే ఇవాళే వేసుకో అని. బస్సెక్కాను.

చిట్టమ్మ గది తలుపుకి తాడు కట్టి ఉంది. పక్కింటి విమలమ్మ, కొళాయి దగ్గర్నుంచి ఇంట్లోకి వెళ్తూ ఆగింది. "హార్బరుకెల్లింది. వచ్చీ ఏళైంది. ఎనక్కెళ్ళి కూకోమ్మా, నీడుంటాది."

వెనక్కి వెళ్ళాను. నాలుగు కర్రలు పాతి, పాత వలని నాలుగైదు మడతలు వేసి పందిరిలా కట్టారు. ఎండ దాంట్లోంచి జల్లెడ పట్టినట్టు కిందికి దిగుతోంది. దాని కింద వరసగా డబ్బాలు. డబ్బాల్లో మొక్కలు. అంచులు కొరికినట్టున్న ఆకులు. బంతి కాదు, చామంతి కాదు, నేను ఎప్పుడూ చూడని ఆకు.

మొక్క వయసు ఎవరూ దాచలేరు. నారుమడిలో పెరిగి, తీసి డబ్బాల్లో నాటాక, బెంగ తీరి కొత్తాకులు వేసిన మొక్కలవి. వెనక్కి లెక్కపెట్టుకుంటూ వెళ్తే దసరా దగ్గర ఆగాను. కర్రలు పాతిన తీరు కూడా చూశాను. కొత్త కర్ర పాతితే మా ఆయన మొదట్లో మూడు రాళ్ళు దట్టిస్తాడు. ప్రతి కర్రకీ మూడు రాళ్ళున్నాయి.

విమలమ్మ నా వెనకే వచ్చి, "పండగపూట మీ ఆయన మట్టి పిసుకుతంటే నవ్వుకున్నాం మేవు. సెల్లెలంటే ఎంత పేనమో" అంది. మంచి మనసుతోనే అంది.

"అవునమ్మా" అన్నాను.

ఒక డబ్బాలో మొక్క తలవాల్చి ఉంది, ఆ పొద్దు దానికి నీళ్ళు పట్టలేదు. తొట్టిలోంచి దోసిట్లో నీళ్ళు తెచ్చి దాని మొదట్లో పోశాను. ఇంకో దోసిలి తెచ్చి పోశాను. చిట్టమ్మ కోసం ఆగలేదు.

ఆ సాయంత్రం నా పెట్టెలో గింజలు చల్లుతుంటే మా ఆయన వచ్చాడు.

"అదేటే, ఇంకా పున్నం రాలేదు గదా."

"మల్కాపురం ఎల్లాను" అన్నాను.

భుజం మీది తువ్వాలు తీస్తున్నవాడు ఆగాడు. "సిట్టమ్మున్నాదా?"

"లేదు."

"ఎనక్కెళ్ళేవా?"

"ఎల్లాను."

గచ్చు మీద కూర్చున్నాడు. నేను గింజల మీద ఇసక జల్లుకుంటున్నాను, చెయ్యి ఆపలేదు.

"బీమశంకర్రావు గారు దసరాకనే సెప్పేడు కదా?"

"ఆఁ."

"మరి నాకలా సెప్పేవేటి?"

"మరేటి సెయ్యమంటావే. పని ఒక్కళ్ళకే. దసరాకేత్తే నీయే ముందు పూత్తాయి. నీ సేతి కింద దాని మొక్కలు ఆగుతాయేటి?" తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "దానికెవరున్నారే. నీకు నానున్నాను గదా."

ఆ మాట కాస్త ముందు ఎప్పుడన్నా అని ఉంటే సంతోషించేదాన్ని.

అడిగితే ఇచ్చేదానివా అని మా మనవరాలు అడుగుతుంది. ఏమో. ఏడ్చేదాన్ని, తిట్టేదాన్ని, రెండు రోజులు అన్నం మానేసేదాన్ని. ఇచ్చేదాన్నే అనుకుంటాను. లేకపోతే లేదు. కాదనడమైనా నా నోటితో నేను అనేదాన్ని. ఆ పాటి అవకాశం కూడా నాకివ్వలేదు. భీమశంకరరావుగారి దగ్గరికి వెళ్ళి చెప్పాలని గేటు దాకా వెళ్ళి రెండుసార్లు వెనక్కి వచ్చాను. ఏమని చెప్పను? నా మొగుడు నాకు విత్తే వేళ తప్పు చెప్పాడని నలుగురిలో అంటే, విన్నవాళ్ళు ముందు నా వంకే చూస్తారు, ఏం ఆడదానివే నువ్వు అన్నట్టు.

జనవరి ఆఖర్లో పోటీ జరిగింది. షామియానా వేశారు, మైకు పెట్టారు. నావి మోకాలెత్తు పెరిగాయి, ఆకు దట్టంగా ఉంది. మొగ్గ లేదు. తీసుకెళ్ళడం దండగని ఇంట్లోనే వదిలి, మామూలుగా గేటు దగ్గర బుట్ట పెట్టుకున్నాను. చిట్టమ్మ కుండీలు మా ఆయన తోపుడుబండి మీద తెచ్చాడు. నా ముందునుంచే లోపలికి వెళ్ళాయి. తెలుపు, వంకాయరంగు, గులాబీ. ఒక్కో పువ్వు నా పిడికిలంత. చూడకూడదనుకున్నాను గానీ, పువ్వు కదా, చూశాను. ఎంత బాగున్నాయో.

కాసేపటికి గలీనా లోపలినుంచి పరుగున వచ్చింది. కళ్ళనిండా నీళ్ళు. "వార్యా, పువ్వు. మామా పువ్వు." మామా అంటే వాళ్ళ భాషలో అమ్మ. ఆ పూలు నావే అనుకుంది. నన్ను చెయ్యి పట్టుకుని షామియానా కిందికి లాక్కెళ్ళి కుండీల ముందు నిలబెట్టింది. భీమశంకరరావుగారు అటూ ఇటూ చూశాడు.

"ఇవి ఎవరివమ్మా? త్రినాథూ, ఇవి మీ ఆవిడవా, చెల్లెలివా? ఈ అమ్మగారు ఏదో అంటున్నారు, ఆయ్."

మా ఆయన కుండీలకి తగిలిన మట్టి తుడుస్తున్నాడు. తల ఎత్తలేదు. చిట్టమ్మ చెంగు వేలికి చుట్టుకుంటోంది. అంతా నామీదికే వదిలేశారు.

"మా ఆడపడుసువి బాబూ" అన్నాను.

గలీనాకి మాట అర్థం కాలేదు, మొహం అర్థమైంది. మాట రాని చోట బతికే మనిషికి మొహాలు బాగా తెలుస్తాయి. నన్ను చూసి, చిట్టమ్మని చూసి, కిందికి వంగి ఉన్న మా ఆయన వీపు చూసింది. "వద్దు" అంది మెల్లిగా, ఎవరితోనో తెలియదు. నా చెయ్యి మాత్రం పోటీ అయ్యేదాకా వదలలేదు.

చిట్టమ్మ నర్సరీలో చేరింది. ఆ తర్వాత నెల తిరక్కుండానే రష్యావాళ్ళు కొందరు మారిపోయారు, వాళ్ళలో గలీనా వాళ్ళు కూడా. వెళ్ళే ముందు వచ్చి ఏదో పెద్ద కబురు చెప్పింది వాళ్ళ భాషలో, మొదటినుంచి చివరిదాకా. ఒక్క ముక్క తెలియలేదు. తిట్టిందని మాత్రం తెలిసింది, నన్ను కాదు.

మాఘమాసంలో ఒక ఆదివారం మధ్యాహ్నం చిట్టమ్మ మా ఇంటికి వచ్చింది. పోటీ తర్వాత రావడం అదే మొదలు. మా ఆయన అన్నం తింటున్నాడు. అది లోపలికి రాకుండా గచ్చు మీద, నా కుండీల పక్కన కూర్చుంది. అవి అప్పుడే మొగ్గ తొడిగాయి. ఎండ తగిలి మొగ్గలు విచ్చకుండానే అంచులు గోధుమరంగు తిరుగుతున్నాయి. అది వాటి వంక చూసి మొహం తిప్పుకుంది.

"ఏటే, సుట్టంలాగ అక్కడ కూకున్నావు" అన్నాడు మా ఆయన.

"వొదిన్తో పనుంది" అంది. నా వంక చూడలేదు. "సూపరేజరు ఊరెల్లేడొదినా. ఎల్తా ఎల్తా ఎండాకాలం పువ్వులంట, ఇత్తనాలిచ్చీసి నారు పొయ్యమన్నాడు. వచ్చీసరికి మొలిసుండాలన్నాడు. ఎప్పుడెయ్యాలో అడగలేదు నాను. అడిగితే ఇదీ తెల్దేటి అంటాడేమోనని." చెంగున ముడేసుకొచ్చిన గింజలు విప్పి చూపించింది. "పాడైపోతే తీసేత్తారేమో వొదినా."

దాని వేళ్ళు చూశాను. వలదారం కోతలు మానిపోయాయి. గోళ్ళనిండా ఎర్రమట్టి.

ఆ గింజలు తెలిసినవే. మాఘం దాటకుండా వెయ్యాలి. శివరాత్రి వెళ్తే నేల కాలి మొలక మాడుతుంది. ఉగాదికి వెయ్యవే అని నేను ఒక్క మాట అంటే చాలు. నా నాలిక మీదికి వచ్చింది కూడా, అబద్ధం చెప్పను.

"రేపే ఏసీ" అన్నాను. "పొద్దున్న గాదు, ఎండ వాలాక. గత్తం తక్కువ, ఇసక ఎక్కువ కలుపు. పైన ఎండుగడ్డి పలసగా కప్పు, మొలకొచ్చిన్రోజు తీసీ. సీమలెత్తుకుపోకండా సుట్టూరా పసుపు సల్లు."

చిట్టమ్మ లేవలేదు. నేను చెప్పింది విన్నది గానీ తీసుకోలేదు. తర్వాత తల తిప్పి వాళ్ళ అన్న వంక చూసింది. "రేపేనంటావా అన్నా?"

మా ఆయన మజ్జిగన్నం కలుపుకుంటున్నాడు. ఆగి, దాని వంక చూసి, ఎంతో నమ్మకంగా చెప్పాడు.

"మీ వొదిన సెప్పినట్టు సెయ్యి. అది అబద్దమాడదే."

చిట్టమ్మ మొహం తేటపడింది. "ఎల్లొత్తానొదినా" అని లేచి, చెప్పులేసుకుని, బస్సు దొరకదేమోనని గబగబా వెళ్ళిపోయింది.

అది అబద్ధమాడదు. నన్ను మెచ్చుకుంటూనే అన్నాడు, చెల్లెలి ముందు నన్ను ఇంత ఎత్తున పెట్టాననే అనుకున్నాడు. అబద్ధమాడని మనిషి ఎదుటివాణ్ణీ అనుమానించదు. ఆ సంగతి ఆయనకి దసరాకి ముందు కూడా తెలుసు. అది తెలిసే కత్తెరకి సాన పడుతూ అంత తేలిగ్గా చెప్పగలిగాడు.

ఆయన తినడం అయింది. లేచి వచ్చి గచ్చు అంచున చెయ్యి చాపి నిలబడ్డాడు. ఆయన తిన్నాక చేతిమీద నీళ్ళు పొయ్యడం పెళ్ళయిన నాటి నుంచీ నా వంతు. ఒంట్లో బాగాలేని రోజు కూడా మానలేదు. ఆ రోజు చెంబు నిండా నీళ్ళు ముంచాను. తెచ్చి ఆయన పక్కన గట్టు మీద పెట్టాను. లోపలికి వెళ్ళి తినేసిన కంచం తీసుకున్నాను.

"ఒలే" అని పిలిచాడు ఒకసారి.

నేను కంచంలో మెతుకులు ఏరుతున్నాను. కొంచెం సేపు అలాగే నిలబడ్డట్టున్నాడు. ఆ తర్వాత ఎడంచేత్తో చెంబు వంచుకుని తనే పోసుకున్న చప్పుడు వినిపించింది.

ఆనాటినుంచి పోయేదాకా తనే పోసుకున్నాడు. ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు.